మన మనసుల లెక్క తప్పనివ్వకూడదు

నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, మంత్రాలయం సీమలోని పెద్దలారా, అక్కచెల్లెళ్లారా, కాలేజీల్లో చదువుతున్న బిడ్డలారా! పత్తి ధర పడిపోతే మనం గొంతెత్తి అడుగుతాం. తుంగభద్ర దిగువ కాలువ, అదే మన ఎల్లెల్సీ, నీళ్లు చివరి పొలానికి రాకపోతే రోడ్డెక్కుతాం. అడగాలి, రోడ్డెక్కాలి. కానీ మన మనసుల గురించి ఎవరు ఏం రాస్తున్నారో, ఏ పద్ధతిలో రాస్తున్నారో, అసలు రాస్తున్నారో లేదో ఇంతవరకూ మనం అడిగిన పాపాన పోలేదు. ఇక అడగాలి. ఆ పని మీది, నాది, మనందరిది.

2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పన్నెండు రాష్ట్రాల్లో 34,802 మంది పెద్దవాళ్లను ఇంటికెళ్లి పలకరించారు. నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేల్చారు. చాలా విలువైన సర్వే అది.  కానీ ఆ పన్నెండు రాష్ట్రాల జాబితా తెరిచి చూడండి. దక్షిణాది నుంచి కేరళ ఉంది, తమిళనాడు ఉంది. ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన బిడ్డలు ఇటుకలు మోసే బెంగళూరులోనే ఆ సర్వేకు పథకం తయారైంది. అయినా మన రాష్ట్రపు గడప ఒక్కటి కూడా అందులోకి ఎక్కలేదు. ఆ సర్వే చేసినవాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అన్ని రాష్ట్రాలకూ ఒకేసారి వెళ్లలేరు, కొన్నింటిని ఎంచుకుంటారు. కానీ "భారతీయుల్లో ఇంత శాతం" అని పేపర్లో చదివినప్పుడల్లా ఆ శాతంలో మనల్ని కలిపేస్తున్నారనీ, మనల్ని మాత్రం ఎవరూ అడగలేదనీ గుర్తుంచుకోవాలి.

ప్రపంచం సంగతి ఇంతకంటే ఘోరం. జెఫ్రీ ఆర్నెట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 2008లో తమ దేశపు పేరున్న పత్రికలను తిరగేశాడు. ఆ పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో నూటికి 96 మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లేనని తేలింది. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. అక్కడి కాలేజీ పిల్లలు ఒక గదిలో కూర్చుని బటన్లు నొక్కితే "మనిషి మనసు ఇట్లా ఉంటుంది" అని పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ పుస్తకాలే మన డిగ్రీ విద్యార్థులు బట్టీ పడుతున్నారు. అప్పు తెచ్చి విత్తనం వేసి, ఆకాశం వైపు చూసే మనిషి మనసు ఆ పుస్తకాల్లో ఏ పేజీలోనూ కనిపించదు.

మన పల్లెల సంగతి మనకు తెలుసు. దసరా, దీపావళి దాటితే సుగ్గి, అంటే పనుల కోసం వలస, మొదలవుతుంది. వాన మొహం చాటేసిన ఏడు ఇంకా ముందే. గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరప కోయడానికి లారీలూ బస్సులూ కదులుతాయి. మరికొందరు హైదరాబాదు, బెంగళూరు కట్టడాల్లో పనికి పోతారు. సంక్రాంతి నాటికి ఏ వీధికి పోయినా తలుపుకు తాళం, వాకిలికి అడ్డంగా ముళ్లకంప. పక్కింటి అరుగు మీద ఒక అవ్వ, ఆమె దగ్గర మనవడు. పోయినవాళ్లు మళ్లీ ఊరి మొహం చూసేది ఉగాదికి.

ఇప్పుడు జనవరిలో ఒక పరిశోధక బృందం నందవరం వచ్చిందనుకోండి. వరుసగా ఇళ్లు చూసుకుంటూ పోతారు. తాళం ఉన్న ఇంటిని వదిలి పక్కింటికి పోతారు. సాయంత్రానికి వాళ్లకు కావలసిన సంఖ్య నిండుతుంది. నిండింది ఎవరితో? ముసలివాళ్లతో, కాలువ కింద నాలుగెకరాలు ఉండి సుగ్గికి పోవలసిన అవసరం లేనివాళ్లతో, అంగళ్లు నడుపుకునేవాళ్లతో. ఆ ఫారాలు చూసి "ఈ ఊళ్లో ఒత్తిడి తక్కువ" అని రాస్తే అది కాలువ కింది రైతు సంగతి. "ఒంటరితనం ఎక్కువ" అని రాస్తే అది అవ్వల సంగతి. మిరప చేలో ఎండకు వంగి ఉన్న ఇరవై అయిదేళ్ల ఆడబిడ్డ సంగతి రెండింటిలోనూ లేదు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే వ్యాపారి కుప్ప పైపైన చూసి ధర వేయడు. మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి, పింజ లాగి, వేళ్ల మధ్య సాగదీసి, తేమ చూసి అప్పుడు మాట చెబుతాడు. మనుషుల మనసుల మీద మాట చెప్పేవాళ్లు అంతకంటే లోపలికి చెయ్యి పెట్టాలి కదా. తాళం వేసిన ఇల్లు వదిలేయాల్సిన ఇల్లు కాదు, వెతికి పట్టుకోవాల్సిన ఇల్లు. ఎంతమందిని అడిగారన్నది ఒక్కటే చాలదు. ఏ నెలలో అడిగారు, దొరకనివాళ్లను ఏం చేశారు అన్నవి కూడా అడగాలి.

పొలం, కాలం, మనసు ఒకదానితో ఒకటి ఎట్లా ముడిపడతాయో చూపిన మంచి పరిశోధన ఒకటి మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. తమిళనాడులో 54 పల్లెల్లో 464 మంది చెరకు రైతుల మీద అనందీ మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో చేసిన పని అది. 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. కోతకు ముందు చేతిలో డబ్బులేనప్పుడు, కోత తర్వాత డబ్బు వచ్చాక, అదే రైతుకు ఆలోచన పదునును కొలిచే పరీక్షలు పెట్టారు. డబ్బు చేతికొచ్చాక అదే మనిషి మెరుగ్గా చేశాడు. బీదవాడికి తెలివి తక్కువ అని ఎగతాళి చేసేవాళ్ల నోరు మూయించే ఫలితం ఇది. రేపు అప్పు ఎట్లా తీర్చాలన్న ఆలోచనే బుర్ర సగాన్ని ఆక్రమిస్తుందని వాళ్లు వాదించారు.

అయితే ఫలితం కంటే నాకు ఎక్కువ నచ్చినది ఆ పరిశోధన కట్టిన తీరు. పేదవాడినీ ధనవంతుడినీ పక్కపక్కన నిలబెట్టి పోల్చలేదు. అట్లా పోలిస్తే చదువు, తిండి, పెంపకం అన్నీ వేరే కాబట్టి తేడా దేనివల్లో తెలియదు. అందుకే ఒకే మనిషిని అతనితోనే పోల్చారు. మరి ఒకే పరీక్ష రెండోసారి రాస్తే అలవాటు వల్ల బాగా చేస్తాడు కదా? అందుకు కొందరు రైతులను ముందు అడగకుండా పక్కన పెట్టి, కోత తర్వాతే మొదటిసారి పరీక్ష పెట్టి సరిచూసుకున్నారు. చెరకు కోత ఫ్యాక్టరీ ఇచ్చే తేదీని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో సమయంలో వస్తుంది కాబట్టి పండగ వల్లనో, ఎండ తగ్గడం వల్లనో ఆ తేడా వచ్చిందనడానికి వీల్లేకుండా పోయింది. ఆ తర్వాత వేరే శాస్త్రవేత్తలు ఆ లెక్కల మీద ప్రశ్నలు వేశారు, వీళ్లు జవాబు చెప్పారు. శాస్త్రం నడవాల్సిన తీరు అదే.

ఇదే పనిని ఆదోని పత్తి రైతుల మీద యథాతథంగా చేస్తే కుదరదు. మన దగ్గర పత్తి తీసే నెలలు అందరికీ ఇంచుమించు ఒకటే. దసరా, దీపావళి, సుగ్గి అన్నీ ఆ నెలల్లోనే వచ్చి పడతాయి. రైతు మనసు తేలికపడితే అది పత్తి డబ్బు వల్లనా, పండగకు కూతురు ఇంటికి రావడం వల్లనా చెప్పలేం. ఎల్లెల్సీ కింద ఊళ్లనూ మెట్ట ఊళ్లనూ పోల్చుదామంటే ఆ రెండింటికీ నీళ్లొక్కటే తేడా కాదు, బడి, రోడ్డు, అప్పు పుట్టే తీరు అన్నీ తేడానే. అందుకని మన పరిశోధన మన నేలను చూసి మనమే కట్టుకోవాలి. తమిళనాడు వాళ్ల ఫారం తెచ్చి, ఊరి పేరు మార్చి, ఎంఏ ప్రాజెక్టు అని సమర్పించడం చదువు కాదు. బిడ్డలారా, ఆ పని చేయకండి. మీ మాస్టర్లు చేయమన్నా చేయకండి.

తెలుగునేల ఇందులో వెనకబడినది కాదు. డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే హార్వర్డ్ ఆచార్యుడు, సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చునా అన్న ప్రశ్నకు 1960ల్లో జవాబు వెతికింది కాకినాడలో. అక్కడి చిన్న వ్యాపారులను బృందాలుగా హైదరాబాదుకు పిలిపించి, చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సైట్‌లో కొద్ది రోజులు శిక్షణ ఇచ్చారు. బొమ్మ చూపించి కథ రాయమన్నారు, ఆ కథలో మనిషి తపన ఎంతో కొలిచారు. శిక్షణ పొందినవాళ్లు ఇంటికి పోయాక కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారా, ఎక్కువ గంటలు పని చేశారా, పెట్టుబడి పెట్టారా అని తర్వాతి రెండేళ్లు గమనించారు. పోల్చుకోవడానికి శిక్షణ తీసుకోని కాకినాడ వ్యాపారులను, రాజమండ్రి వ్యాపారులను ఎంచుకున్నారు. శిక్షణ పొందినవాళ్లు ఎక్కువ చురుకుగా ఉన్నారని మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో పుస్తకం రాశారు. వ్యాపార శిక్షణ గురించి చెప్పే పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ కాకినాడ పేరు కనిపిస్తుంది.

గర్వపడదాం. గర్వపడుతూనే ప్రశ్నిద్దాం. దుకాణం మూసి హైదరాబాదు దాకా పోయి రావడానికి ఒప్పుకున్న వ్యాపారి, ఒప్పుకోని వ్యాపారితో సమానమేనా? ఆ పోయివచ్చినవాడికి శిక్షణ లేకపోయినా ఊపు ఉండేదేమో. అమెరికా దొర వచ్చి "నువ్వు పైకి వస్తావు" అన్నందుకే కొందరిలో కదలిక వచ్చిందేమో. రాజమండ్రికి ఆ రెండేళ్లలో వేరే కారణాలతో వ్యాపారం మందగించి ఉంటే? ఇట్లాంటి ప్రశ్నలు ఆ పరిశోధనను కించపరచడానికి కాదు. పెద్ద పేరు కనబడగానే చేతులు జోడించే అలవాటు మానుకోవడానికి. మన మనస్తత్వ శాస్త్ర శాఖల్లో ఏ విద్యార్థి అయినా మొదటి ఏడాదే ఈ ప్రశ్నలు వేయగలిగి ఉండాలి.

ఒప్పుకున్నవాళ్లు, ఒప్పుకోనివాళ్లు అన్న ఈ చిక్కుకు విరుగుడు మన ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చీటీ వేయడం. చీటీకి కులం తెలియదు, పార్టీ తెలియదు, హుషారైనవాడెవడో తెలియదు. చీటీ వేసి రెండు గుంపులు చేస్తే అన్ని రకాల మనుషులూ రెండువైపులా దాదాపు సమానంగా పడతారు. ఆ తర్వాత కనిపించే తేడాను మనం చేసిన పనికి ముడిపెట్టవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పల్లె సర్కారు బడుల మీద ఇదే చేశారు. చీటీ పద్ధతిలో నూరు బడుల్లో పిల్లల ప్రగతిని బట్టి ఒక్కొక్క టీచరుకు విడిగా బోనస్, నూరు బడుల్లో టీచర్లందరికీ కలిపి బోనస్, నూరు బడుల్లో ఏమీ లేదు. రెండేళ్ల తర్వాత బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మెరుగ్గా ఉన్నారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా వెనకబడలేదు, ముందుకే వచ్చారు. మార్కుల కోసం మిగతా సబ్జెక్టులను గాలికొదిలేస్తారేమోనన్న భయానికి అది జవాబు. మన కర్నూలుతో కలిపి ఎనిమిది జిల్లాల్లో ఉపాధి కూలీ, పింఛను డబ్బులను స్మార్ట్‌కార్డు మీద ఇచ్చే పద్ధతిని కూడా తర్వాత మండలాలకు చీటీ వేసినట్టే వంతులు పెట్టి పరీక్షించారు. చాలామందికి ఆ సంగతి ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడమే నా బాధ.

"ఆ ఊరికిచ్చి మా ఊరికి ఇవ్వకపోవడం అన్యాయం కాదా" అని మీరు అడుగుతారు. అడగండి. అందరికీ ఒకేసారి ఇవ్వగలిగి ఉండి కూడా ఇవ్వకపోతే అన్యాయమే. ఒకేసారి అందరికీ ఇవ్వలేనప్పుడు, నాయకుడి చుట్టం ఊరికి ముందు ఇవ్వడం కంటే చీటీ నయం. మంచి జరిగిందని తేలిన తర్వాత మిగిలిన ఊళ్లకు కూడా ఇస్తామని ముందే కాగితం మీద రాయించుకోండి. ఆ హక్కు మనకుంది.

ఇక ఫారం లోపలికి వద్దాం. అసలు తప్పులు పుట్టేది అక్కడే. కుంగుబాటును కొలవడానికి ప్రపంచమంతటా వాడే ఒక ఫారంలో తొమ్మిది ప్రశ్నలుంటాయి. పీహెచ్‌క్యూ-9 అంటారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇట్లా అనిపించింది అని అడిగి, సున్నా నుంచి 27 వరకు లెక్క వేస్తారు. దాన్ని పట్టుకుని ఒక ఆశా వర్కర్ మధ్యాహ్నం పూట ఒక ఇంటి ముందు కూర్చుందనుకోండి. ఏడో ప్రశ్న దగ్గరికి వస్తుంది: పేపరు చదివేటప్పుడో, టీవీ చూసేటప్పుడో మనసు నిలవడం కష్టంగా ఉందా? "పేపరు చదివేకి నాకేడ వస్తాది తల్లీ, టీవీ చూసేకి పొద్దేడుంది" అంటుంది ఆమె. ఇప్పుడు ఆ గడిలో ఏం రాయాలి? సున్నా రాస్తే ఆమెకు ఏ బాధా లేనట్టు. నిద్ర ప్రశ్న చూడండి. నిద్ర లేదంటుంది. మనసు బాగలేక కాదు, త్రీఫేజు కరెంటు రాత్రిపూట వస్తే మొగుడితో పాటు తనూ లేచి మోటారు దగ్గరికి పోవాలి. ఆకలి ప్రశ్న చూడండి. తినబుద్ధి కాకపోవడం వేరు, తినడానికి లేకపోవడం వేరు. ఫారంలో రెండింటికీ ఒకటే గడి.

ఫారం పనికిరాదని నేను అనడం లేదు. మంచి ఫారమే. కానీ ఒక ఊళ్లో పనిచేసిన కొలత మరో ఊళ్లో సరిగా కొలుస్తుందో లేదో ముందు సరిచూడాలి. పదిమంది ఆడవాళ్లను, పదిమంది మగవాళ్లను కూర్చోబెట్టి, ప్రశ్న చదివి, "మీకేమని అర్థమైంది?" అని అడగాలి. పేపరు, టీవీ బదులు చిల్లర లెక్కపెట్టడమో, బియ్యంలో రాళ్లు ఏరడమో పెట్టాలి. కన్నడం ఇంట్లో మాట్లాడేవాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు మన మండలాల్లో ఎందరో ఉన్నారు, వాళ్లను విడిగా అడగాలి. ఆ తర్వాత డాక్టరు స్వయంగా చూసి చెప్పినదానికీ ఫారం చెప్పినదానికీ ఎంత పొంతన ఉందో లెక్క తీయాలి. ఇవన్నీ చేయకుండా అంకె చెప్పడం నేరం కాకపోవచ్చు గాని, బాధ్యత మాత్రం కాదు.

పశ్చిమగోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చేసిన స్మార్ట్ మెంటల్ హెల్త్ పని ఇందుకు మంచి ఉదాహరణ. ఆశా వర్కర్ల చేతికి ట్యాబ్ ఇచ్చి, ఒత్తిడిలో ఉన్నవాళ్లను గుర్తించి పీహెచ్‌సీ డాక్టరుకు చూపించారు. మొదట కొద్ది పల్లెల్లో నడిపి చూసి, తర్వాత పశ్చిమగోదావరి, హర్యానా కలిపి 44 పీహెచ్‌సీలను చీటీ పద్ధతిలో రెండు భాగాలు చేశారు. ఆ ఫలితాలు 2024లో వచ్చాయి. ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్లలో కుంగుబాటు అంకె తగ్గింది. మానసిక జబ్బు ఉన్నవాళ్ల పట్ల జనం నడవడిక మారుతుందా అన్న రెండో కొలతలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రెండూ దాచకుండా రాశారు. రాని ఫలితాన్ని కూడా రాయడం పరిశోధకుడి మొదటి ధర్మం. ఏం వెతుకుతున్నామో ముందే రాసి, నమోదు చేసి ఉంటే తర్వాత దాచడానికి వీలుండదు. వైద్య పరిశోధనల నమోదు కోసం మన దేశంలో 2007 నుంచి సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ ఉంది, ఎవరైనా తెరిచి చూడవచ్చు.

దాపరికం ఎంత దూరం తీసుకుపోతుందో నెదర్లాండ్స్ చూసింది. డీడెరిక్ స్టాపెల్ అనే పేరుమోసిన ఆచార్యుడు ఏళ్ల తరబడి ఎవరినీ అడగకుండానే జవాబులు తానే రాసుకున్నాడని 2011లో బయటపడింది. అతని వ్యాసాలు యాభైకి పైగా వెనక్కి తీసుకున్నారు. మోసం లేనిచోట కూడా పరిస్థితి గొప్పగా లేదు. 2015లో వందలమంది శాస్త్రవేత్తలు కలిసి మనస్తత్వ శాస్త్రంలోని 100 పరిశోధనలను మళ్లీ చేసి చూస్తే, అసలు వ్యాసాల్లో 97 శాతం గట్టి ఫలితం చూపినవి కాస్తా 36 శాతానికి పడిపోయాయి. ఆ శాస్త్రం తన తప్పును తానే బయటపెట్టుకుని సరిదిద్దుకునే పనిలో పడింది. అంత ధైర్యం మనకూ ఉండాలి.

ఈ మాట ముఖ్యంగా మన ఊరి సర్వే పిల్లలకు. చెట్టు కింద కూర్చుని ఇరవై ఫారాలు ఒక్క చేతిరాతతో నింపేయడం ఎంత సులువో నాకు తెలుసు. ఫారానికింత అని కూలీ, ఎండ మాడ్చేస్తూ ఉంటుంది. కానీ ఆ ఇరవై ఫారాల వెనక ఇరవై మంది బతికున్న మనుషులున్నారు. వాళ్ల బాధ రేపు ఒక పథకమయ్యేది, ఒక డాక్టరు పోస్టయ్యేది. నువ్వు ఊహించి గీసిన టిక్కు దాన్ని తుడిచేస్తుంది. పని ఇచ్చేవాళ్లు కూడా ఫారానికింత అని కాకుండా రోజు కూలీ ఇవ్వాలి, నూటికి పదిళ్లకు వేరేవాళ్లను పంపి తిరిగి అడిగించాలి.

జవాబు చెప్పే మనకూ బాధ్యత ఉంది. సారు దూరం నుంచి వచ్చాడు, బాధపెట్టడమెందుకని "అంతా బాగుంది" అనేస్తాం. లేదంటే ఏదో స్కీము వస్తుందేమోనని ఉన్న కష్టాన్ని రెండింతలు చేస్తాం. పక్కన సర్పంచో, అత్తగారో నిలబడి ఉంటే కోడలు నోరే విప్పదు. ఉన్నది ఉన్నట్టు చెబుదాం. చెప్పడానికి ఇష్టం లేకపోతే చెప్పనని అందాం. ఆడవాళ్లను ఆడవాళ్లే, ఒంటరిగా, నలుగురూ వినని చోట అడగాలని పట్టుబడదాం. ఎవరైనా "బతకాలని లేదు" అంటే ఆ ఫారం అక్కడే ఆపి సాయం పిలవాలి. టెలి మానస్ నంబరు 14416 అడిగేవాళ్ల జేబులో ఉండి తీరాలి. ఆ ఏర్పాటు లేని పరిశోధనకు మన గడపలో చోటు లేదు.

అన్నింటికంటే ముందు, మన బిడ్డల విషయం. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రాజెక్టు జరిగింది. పాత్ అనే సంస్థ నడిపింది. పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు టీకాలు వేశారు. వాళ్లలో ఎందరో గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు చేశారు. గొడవ లేచి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ అంగీకార పత్రాల తీరును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. తల్లికి చెప్పకుండా బిడ్డను పరిశోధనలోకి తీసుకోవడం ఏ ఫలితంతోనూ సమర్థించుకోలేని తప్పు.

ఇది మనకెందుకంటే, సుగ్గికి పోయినవాళ్ల పిల్లల కోసం మన మండలాల్లో సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. తల్లి గుంటూరులో, తండ్రి గుంటూరులో, బిడ్డ ఇక్కడ. ఆ బిడ్డను ఎవరైనా ప్రశ్నించాలని వస్తే సంతకం ఎవరు చేయాలి? వార్డెను చేయకూడదు. తల్లికి ఫోను చేసి, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. బిడ్డను కూడా "నీకిష్టమేనా?" అని అడగాలి. చదువురాని తల్లి వేలిముద్ర వేస్తే, ఆ బృందానికి సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెప్పేది అదే. హాస్టల్ టీచర్లూ, మీకు చేతులెత్తి మొక్కుతాను. పై నుంచి ఫోను వచ్చిందని సంతకం పెట్టకండి.

ఆ హాస్టళ్ల మీదే మనం చేయాల్సిన మొదటి పరిశోధన ఉందని నా గట్టి నమ్మకం. తల్లిదండ్రులతో పాటు చేలకు పోయిన పిల్లాడు, ఇక్కడ హాస్టల్లో ఉండిపోయిన పిల్లాడు, ఇద్దరిలో ఎవరు చదువులో నిలదొక్కుకుంటున్నారు, ఎవరికి రాత్రిళ్లు భయం, ఎవరికి నిద్ర? ఊరికే ఇద్దరినీ పోల్చవద్దు. బిడ్డను వదిలిపోయే ఇంట్లో చూసుకునే అవ్వ ఉండి ఉంటుంది, వెంట తీసుకుపోయే ఇంట్లో చంటిబిడ్డను ఎత్తుకునే అక్క కావాల్సి ఉంటుంది. ఇళ్లే వేరు. కానీ హాస్టల్లో సీట్లు తక్కువై, అడిగేవాళ్లు ఎక్కువైన చోట గ్రామసభలో అందరి ముందు చీటీ వేయండి. సీటు న్యాయంగా దొరుకుతుంది, పోలిక కూడా నిజమవుతుంది. దసరాకు ముందే అందరినీ ఒకసారి పలకరించాలి. ఉగాదికి మళ్లీ పలకరించాలి. రెండోసారి కనిపించని పిల్లలను వదిలేయకుండా గుంటూరు మిరప చేల దాకా వెతుక్కుంటూ పోవాలి. ఎక్కువ దెబ్బతిన్నవాడు ఆ కనిపించనివాడే కావచ్చు. పరీక్ష పెట్టి మార్కులు వేసేవాళ్లకు ఏ పిల్లాడు ఎక్కడున్నాడో తెలియకూడదు.

దీనికి అమెరికా నుంచి ఎవరూ రానక్కర్లేదు. ఆదోని, ఎమ్మిగనూరు డిగ్రీ కాలేజీల పిల్లలున్నారు. కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ ఉంది, 1957 నాటి మెడికల్ కాలేజీ ఉంది, నైతిక పరిశీలన చేసే కమిటీ అక్కడి నుంచి దొరుకుతుంది. ఆశా అక్కలకు ప్రతి ఇల్లూ తెలుసు. 1938లోనే మగ్గాలవాళ్లను ఒక సంఘంగా కూడగట్టిన మాచాని సోమప్ప గారి ఎమ్మిగనూరు ఇది. కలిసి పనిచేయడం మనకు కొత్త కాదు.

కాలేజీ బిడ్డలారా, ఈ ఏడు మీ ప్రాజెక్టుకు ప్రశ్న మీ ఊరి నుంచే తీసుకోండి. మాస్టర్లూ, వాళ్ల ఫలితం సున్నా వచ్చినా మార్కులు వేయండి, పద్ధతిని చూసి వేయండి. సర్పంచులారా, మీ పంచాయతీ ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టండి. ఊళ్లోకి ఫారం పట్టుకుని వచ్చిన ప్రతివాళ్లూ పేరు, సంస్థ, అడిగేదేమిటో అందులో రాసి, ఫలితం తేలాక గ్రామసభలో వచ్చి చెబుతామని సంతకం పెట్టాలి. అక్కలారా, అన్నలారా, వేలిముద్ర వేసే ముందు అడగండి: ఎందుకు అడుగుతున్నారు, నా పేరు ఎవరికి చెబుతారు, మధ్యలో వద్దంటే ఊరుకుంటారా, తేలినదేమిటో నాకు వచ్చి ఎప్పుడు చెబుతారు? ఈ నాలుగింటికీ నిలబడి జవాబు చెప్పినవాళ్లకు మంచం వాల్చి కూర్చోబెట్టి మీ మనసులో ఉన్నదంతా నిజంగా చెప్పండి. చెప్పలేనివాళ్లను వచ్చిన దారినే పంపించండి.